పెద్ద బండి ఒకటి అమ్మేశాం: వేసవి బుకింగులకు ముందు కొన్ని మాటలు

మా దగ్గర బండ్లు అద్దెకు తీసుకునే బే ఏరియా తెలుగు కుటుంబాలందరికీ నమస్కారం.

మాకున్న రెండు పెద్ద మోటర్‌హోముల్లో (పడకలు, వంటిల్లు, బాత్రూమ్ అన్నీ ఉండే బండ్లు) ఒకదాన్ని అమ్మేసి, ఆ డబ్బుతో మరో చిన్న క్యాంపర్ వ్యాన్ (అవే సదుపాయాలు ఇరుకుగా అమర్చిన వ్యాన్) కొన్నాం. సంగతి తెలిసి "వ్యాపారం తగ్గిందా?" అని కొందరు ఫోను చేశారు. తగ్గలేదు. నిజానికి రాత్రికి ఎక్కువ అద్దె వచ్చేది పెద్ద బండి మీదే. అయినా ఎందుకు వదులుకున్నామో చెబితే, ఈసారి మీరు ఏ బండి అడగాలో కూడా తేలిపోతుంది.

ఫోను చేసినవారు ముందుగా అడిగేది "ఎంతమంది పడుకోవచ్చు?" అని. నేను తిరిగి అడిగేది "ఎక్కడికి వెళ్తున్నారు?" అని. మనవాళ్లు ఇష్టపడే నేషనల్ పార్కుల్లో చాలా కొండదారులు 1930ల నాటివి. అప్పటి కార్ల కొలతలకు వేసిన మలుపులు అవి. గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు మీద, అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ దాకా, 21 అడుగులు దాటిన బండిని అసలు రానివ్వరు. బంపర్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. సెకోయాకు త్రీ రివర్స్ ఊరి వైపు నుంచి వెళ్తే, పొట్విషా క్యాంప్‌గ్రౌండ్ దాటాక జెయింట్ ఫారెస్ట్ వరకు 22 అడుగులకు మించిన బండ్లు వద్దని పార్కువాళ్లే చెబుతారు. జయాన్ తూర్పు దారిలో 1930లో తెరిచిన సొరంగం ఉంది. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ మించితే అందులో మామూలుగా దూరి వెళ్లిపోవడం కుదరదు. మా పెద్ద బండి పొడవు 31 అడుగులు. వెడల్పులో కూడా అది ఆ సొరంగం లెక్కకు మించినదే.

అలాగని వ్యాన్ అన్న ప్రతిదాన్నీ చిన్నదనుకోకండి. మెర్సిడెస్ స్ప్రింటర్ వ్యాన్లలో అన్నిటికన్నా పొడుగు రకం 24 అడుగులు ఉంటుంది. చూడటానికి సన్నగా, ముచ్చటగానే ఉంటుంది గానీ గ్లేసియర్ గేటు దగ్గర వెనక్కి తిప్పాల్సిందే. మేము కొనేటప్పుడు 20 అడుగుల లోపు బండ్లే వెతికింది అందుకే. మరెక్కడ అద్దెకు తీసుకున్నా సరే, పొడవు ఎంతో కాగితం మీద రాయించుకోండి.

పెట్రోలు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పెద్ద బండి గ్యాలనుకు 8 మైళ్లు ఇస్తే గొప్ప. వ్యాన్ దానికి రెట్టింపు ఇస్తుంది. వెయ్యి మైళ్ల ప్రయాణానికి ఒకదానిలో 125 గ్యాలన్లు, రెండోదానిలో 60 పైచిలుకు. మిగిలిన లెక్క మీరే వేసుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు: ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు. వ్యాన్‌లో బాత్రూమ్ బీరువా అంత ఉంటుంది. కమోడ్ ఉన్న చోటే షవర్ కూడా. ఒకరు స్నానం చేశారంటే కమోడ్, గోడలు, తలుపు అన్నీ తడిసిపోతాయి. తరువాత వెళ్లేవారు తుడుచుకుని కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ తడి నేల మంచిది కాదు. నీళ్లేమో మొత్తం 20 గ్యాలన్లు. వంటకూ, గిన్నెలకూ, స్నానాలకూ అవే. పెద్ద బండిలో షవర్ వేరుగా ఉంటుంది, నీళ్లు 40 గ్యాలన్లు పడతాయి. అయితే అందులో డ్రైవర్ నెత్తిమీదుండే మంచం ఎక్కాలంటే నిచ్చెన కావాలి, కాబట్టి అది పిల్లలకే. పెద్దవాళ్లకు వెనక గది ఇవ్వండి. ఇంకో మాట, ఎవరూ అడగలేకపోతున్నారు కాబట్టి నేనే చెబుతున్నాను. టాయిలెట్‌లో చెంబు వాడుకోవచ్చు, ఏమీ కాదు. మురుగు చేరే ట్యాంకుకు కాగితం కన్నా అదే మేలు. కాకపోతే ట్యాంకు త్వరగా నిండుతుంది, దాన్ని ఖాళీ చేసే డంప్ స్టేషన్‌కు త్వరగా వెళ్లాలి. అక్కడ ముందు టాయిలెట్ ట్యాంకు, ఆ తరువాత సబ్బునీళ్ల ట్యాంకు వదలండి. ఆ నీళ్లకే గొట్టం కడుక్కుపోతుంది. చేతి తొడుగులు మేమే ఇస్తాం.

పిల్లలున్నవారు పడకల లెక్క కన్నా ముందు సీటు బెల్టుల లెక్క చూడాలి. కాలిఫోర్నియాలో ఎనిమిదేళ్లలోపు పిల్లలు వెనక వరుసలో, కారు సీటులోనో బూస్టర్‌లోనో కూర్చోవాలి. మా వ్యాన్‌లో వెనక బెల్టులు రెండే. మోటర్‌హోమ్‌లో డైనింగ్ బల్ల దగ్గర బెల్టులు నాలుగున్నా, వెనక్కి తిరిగి ఉండే సీట్లకు కారు సీటు బిగించకూడదు. "ఎనిమిది మంది పడుకోవచ్చు" అని రాసి ఉన్నంత మాత్రాన ఎనిమిది మందిని ఎక్కించుకుని బయల్దేరలేం. రెండు కుటుంబాలు కలిసి ఒక పెద్ద బండి అడిగినప్పుడు బేరం పోతుందని తెలిసినా నేను ఒప్పుకోనిది ఇందుకే. రెండు వ్యాన్లు తీసుకోండి. లేదంటే ఒక కుటుంబం తమ కారులో వెనక రావచ్చు.

వంట విషయానికి వస్తే, పెద్ద బండి అంటే పెద్ద వంటిల్లని చాలామంది అనుకుంటారు. కానీ వంటకు హద్దు కరెంటే. క్యాంప్‌గ్రౌండ్ కరెంటు 30 ఆంపులైతే మొత్తం వచ్చేది 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ స్టవ్ మీద సాంబారు, పక్కన రైస్ కుక్కర్ పెడితే బ్రేకర్ పడిపోతుంది. అర్ధరాత్రి నాకు వచ్చే ఫోన్లలో సగం దీని గురించే. వంటయ్యేదాకా ఏసీ ఆపండి, చాలు. యోసెమిటీ క్యాంప్‌గ్రౌండ్లలో ఈ బాధ కూడా లేదు, అక్కడ కరెంటు కనెక్షనే ఇవ్వరు! తాలింపు మాత్రం ఏ బండిలోనైనా దయచేసి బయట బల్ల మీద పెట్టుకోండి. బయటి స్టవ్ అడిగితే ఉచితంగా ఇస్తాం. ఇంగువ వాసన పరదాలకు పట్టిందంటే తరువాతి వారం దాకా వదలదు.

మరి పెద్ద బండి ఒకటి ఎందుకు ఉంచుకున్నట్టు? ఒకే చోట మూడు నాలుగు రాత్రులు, కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లున్న చోట దిగేవారి కోసం. పిస్మో బీచ్‌కో, టాహో ఒడ్డుకో వెళ్లి, బండిని అక్కడే నిలిపి, చుట్టుపక్కల తిరగడానికి సొంత కారు వెంట తెచ్చుకునే కుటుంబానికి అంతకన్నా సుఖం లేదు. 40 అడుగుల వరకు మామూలు కాలిఫోర్నియా లైసెన్సే సరిపోతుంది కాబట్టి నడపడానికి అడ్డేమీ లేదు. అయినా మొదటిసారి తీసుకునేవారితో మా యార్డులో అరగంట రివర్స్ చేయించకుండా తాళాలు ఇవ్వను. విసుక్కున్నా సరే.

ఇకపై బుకింగ్‌కు ఫోను చేసేటప్పుడు నాలుగు వివరాలు చేతిలో పెట్టుకోండి: వెళ్లే చోట్లు, ఎక్కేవారి వయసులు, మీకు దొరికిన క్యాంప్ స్థలం పొడవు, వెంట కారు వస్తుందా లేదా. యోసెమిటీ లోయలో స్థలం కావాలంటే ముందు అది చూసుకుని ఆ తరువాతే మా దగ్గరకు రండి. ఐదు నెలల ముందు, నెలలో 15వ తేదీ ఉదయం 7 గంటలకు బుకింగ్ తెరుస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. స్థలం దొరకక రద్దు చేసుకుంటే అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తాం, ప్రయాణానికి నెల ముందు చెబితే. జూలై మొదటి వారానికి పెద్ద బండి ఇప్పటికే వెళ్లిపోయింది. వ్యాన్లు ఇంకా ఉన్నాయి.