ఆరోగ్య మంత్రి గారూ, మీ ఫారంలో సున్నా శాతానికి చోటేదీ?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అర్జీలు పెట్టాం, గుర్తు చేస్తూ మళ్లీ పెట్టాం, ముట్టినట్టు స్టాంపులూ వేయించుకున్నాం. ఇక అందరి ముందూ రాయడం తప్ప దారి లేదు.

గుండె ఆపరేషన్‌కు ప్రీఆథ్ (ముందస్తు అనుమతి) పెట్టే ఫారంలో రెండు గడులు తప్పనిసరి. ఏ రక్తనాళం, ఎంత శాతం బ్లాక్. నాళంలో పూడికే లేకుండా, అది పుట్టిన చోటే తప్పైతే ఏం రాయమంటారు? సున్నా అని రాస్తే 'ఆపరేషన్ అవసరం లేదు' అని రిమార్కు. ఖాళీగా వదిలితే 'వివరాలు అసంపూర్ణం'. పోనీ డెబ్బై అని అబద్ధం రాయమంటారా? అప్పుడు మాత్రం ఫైలు చక్కగా కదులుతుంది.

గుండె కండరానికి రక్తమిచ్చే ఎడమ కరోనరీ ధమని తన చోట కాక, బృహద్ధమని (ఒంటికి రక్తం పంపే పెద్ద నాళం) మొదట్లోని కుడి సైనస్ (ఉబ్బు) నుంచి పుట్టి, ఆ బృహద్ధమనికీ ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనికీ నడుమ నుంచి వెళ్తుంది కొందరిలో. దాని నోరు గుండ్రంగా ఉండదు, సన్నని చీలికలా ఉంటుంది. ఏటవాలుగా బయల్దేరి కొన్ని మిల్లీమీటర్లు బృహద్ధమని గోడలోనే నడుస్తుంది. పరుగెత్తేటప్పుడు ఆ గోడ సాగితే చీలిక ఇంకా నొక్కుకుపోతుంది. కుర్రాళ్లు మైదానంలో హఠాత్తుగా కూలిపోవడానికి తెలిసిన కారణాల్లో ఇదొకటి. ముందుగా తీసిన ఈసీజీ, ట్రెడ్‌మిల్ రెండూ మామూలుగానే రావచ్చు. మీ గడిలోనూ సున్నాయే.

ప్రతి తేడాకీ కత్తి పట్టమనడం లేదు. ఎడమ కరోనరీ కొమ్మ సర్కమ్‌ఫ్లెక్స్ కుడివైపు పుట్టి బృహద్ధమని వెనకగా వెళ్తే చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు (కవాటం మార్చే సర్జన్‌కు ముందే తెలియకపోతే మాత్రం కుట్టులో పడే ప్రమాదం ఉంది). ఏది ప్రమాదమో తేల్చేది నాళం వెళ్లే దారి. మామూలు యాంజియోలో (నాళంలోకి డై ఎక్కించి తీసే ఎక్స్‌రేలో) కనిపించేది డై నీడే కాబట్టి ఆ దారి ఒక్కోసారి కచ్చితంగా తేలదు. ఈసీజీ గేటింగ్‌తో (గుండె లయకు జతచేసి) సీటీ స్కాన్ తీయాలి. దాన్నేమో 'డూప్లికేట్ పరీక్ష' అని కొట్టేస్తున్నారు.

క్యాథ్‌ల్యాబ్‌లోనే (యాంజియో చేసే గదిలోనే) వెతుక్కోమంటారు సరే. నోరు ఉండాల్సిన చోట లేకపోతే మామూలుగా వాడే జడ్కిన్స్ కాథెటర్ (సన్నని గొట్టం) అందదు. వేరే ఆకారపు ఆంప్లాట్జ్ వేయాలి, మల్టీపర్పస్ వేయాలి, చివరికి బృహద్ధమని మొదట్లో ఇంజెక్టర్‌తో డై కొట్టి చూడాలి. ప్రతి ప్రయత్నానికీ డై, రేడియేషన్ పెరుగుతాయి. క్రియాటినిన్ ఎక్కువున్న (కిడ్నీలు సరిగా పనిచేయని) రోగి కిడ్నీలకు పూచీ ఎవరిది? సీటీకి గుండె వేగం 65 లోపు తెచ్చే మెటోప్రొలాల్, 60–80 మి.లీ. డై, కాసేపు ఊపిరి బిగపట్టడం చాలు.

పసిపిల్లల సంగతి మరీ ఘోరం. ఎడమ కరోనరీ పుపుస ధమని నుంచే పుడితే, కొన్ని వారాలకు అక్కడి పీడనం తగ్గి గుండె కండరానికి రక్తం చాలదు. బిడ్డ పాలు తాగుతూ చెమటలు పట్టి గుక్కపెడుతుంది. ఎకోలో గుండె ఉబ్బి కనిపించేసరికి కండరాల జబ్బనుకుని మందులతో సరిపెడతారు. ఈసీజీలో లీడ్ 1, ఏవీఎల్ అనే గీతల్లో లోతైన క్యూ తరంగాలుంటే (కిందికి దిగే గుంటలు) అనుమానించాలి. నాళాన్ని బృహద్ధమనికి మార్చి కుడితే గుండె చాలావరకు కోలుకుంటుంది. చేయకపోతే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఏడాదిలోపే పోతారు. ఆ ఫైలుకూ అదే ప్రశ్న: బ్లాక్ ఎంత?

అయ్యా, ఫారంలో 'పుట్టుకతో వచ్చిన నాళ దోషం' అని ఒక్క గడి పెట్టించండి. సీటీని డూప్లికేట్ అనడం మాన్పించండి. పిల్లల ఫైళ్లను పిల్లల గుండె సర్జన్ చేత చూపించండి. సాఫ్ట్‌వేర్ మార్చడానికి టెండరే పిలవాలంటే, అందాకా ఫోన్ మీద అనుమతిచ్చే అధికారి ఎవరో అదైనా చెప్పండి.

ఇట్లు,
క్యాథ్‌ల్యాబ్ వైద్యులు, టెక్నీషియన్లు