తొమ్మిదో తరగతి నోటీసు బోర్డు సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు తన ఇంట్లో జరిగిన సంఘటనపై రాయగా మా నోటీసు బోర్డుపై పెట్టిన వ్యాసం ఫోటో వారం రోజులుగా మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోందని, బడివాళ్లు ఇంటి గుట్టు రచ్చకెక్కిస్తున్నారని కొందరు నొచ్చుకున్నారని తెలిసింది. ఆ ఇంటివారిని అడగకుండా వ్యాసాన్ని బోర్డుకెక్కించడం మా పొరపాటే. వారికి స్వయంగా క్షమాపణ చెప్పుకున్నాను, కాగితం తీసేయించాను. అసలు అలాంటి వ్యాసం రాయించడమే తప్పన్న మాటను మాత్రం ఒప్పుకోలేను.

మార్కుల కార్డులు సంతకంతో సోమవారానికి పంపండి. వానలు మొదలయ్యాయి కనుక రెయిన్‌కోటు సంచిలోనే ఉండనివ్వండి. మరచిపోయిన లంచ్ బాక్సులను పదిన్నర దాటాక గేటు దగ్గర తీసుకోము.

శనివారపు సినిమా తరగతిలో 1954 నాటి తమిళ చిత్రం 'అంద నాళ్' చూపించాం. మన చెన్నై ఏవీఎం స్టూడియో వారు తీసిన చిత్రమిది. దర్శకుడు వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్, ఒక్క పాటా లేదు. 1943 అక్టోబరులో జపాన్ విమానం మద్రాసుపై బాంబులు వేసిన నాటి కథ. రాజన్ అనే రేడియో ఇంజనీరు హత్యకు గురవుతాడు. విచారణలో ఇంటివారూ పొరుగువారూ ఒక్కొక్కరుగా చెప్పుకొస్తుంటే, నోరు మారినప్పుడల్లా శివాజీ గణేశన్ పోషించిన ఆ రాజన్ వేరే మనిషిగా కనిపిస్తాడు. (చివర ఏమవుతుందో నేను చెప్పను.) ఒకే నేరాన్ని ఇలాగే తలా ఒక రకంగా చెప్పే, జపాన్ దర్శకుడు కురొసావా 1950లో తీసిన 'రషోమాన్' ఈ వయసు పిల్లలకు తగదని చూపలేదు కానీ, అందులోని విచారణ ఘట్టం గురించి చెప్పాను: న్యాయాధికారి ఎక్కడా కనిపించడు, వినిపించడు, సాక్షులు నేరుగా మన వైపు తిరిగి మాట్లాడతారు, తీర్పరి స్థానంలో మనమే కూర్చుంటాం.

పిల్లలకు ఇది ఎందుకని అడిగినవారికి నా జవాబు ఒక్కటే. ఒకరు నోటితో చెబితే, అది వారి మాట అన్న ఎరుక మనకు ఉంటుంది. అదే తెరమీద బొమ్మగా కదిలితే చెబుతున్న మనిషిని మరచిపోయి, కళ్లారా చూశాం కదా అనుకుంటాం. నిజానికి చూసింది అతని కళ్లతో. అతను గదిలో లేని క్షణాలు తెరపై ఉండవు, అతనికి అక్కరలేని ముఖాలు మూలకు జరిగిపోతాయి. అబద్ధం ఒక్కటీ ఆడకుండానే కథ తలకిందులవుతుంది. రోజుకు వంద వీడియోలు చూసే పిల్లలు లెక్కల ఎక్కాలతో సమానంగా నేర్వవలసిన విద్య ఇది.

అందుకే ఇంట్లో జరిగిన ఒక సంఘటనను ముగ్గురి నోట రాయమన్నాం. ఆ అమ్మాయి ఆదివారం ఉదయం డికాక్షన్ ఒలికిన సంగతి రాసింది. నాన్న కథనంలో ఇత్తడి ఫిల్టరును బల్ల అంచున పెట్టినవారిదే తప్పు. అమ్మ కథనం అయిదు గంటలకు పాలు పొంగడంతో మొదలవుతుంది. ఫిల్టరు చివరి వాక్యంలో గాని రాదు. నానమ్మ కథనం మూడే వాక్యాలు: "వాడి కుడిచేతిలో ఫోను ఉంది. ఎడమచేత్తో ఫిల్టరు ఎత్తాడు. నన్నెవరూ అడగలేదు." ఇరవై ఆరేళ్ల నా ఉద్యోగంలో ఇంత పొదుపైన రచన తొమ్మిదో తరగతి నుంచి రాలేదు. ఆ కుటుంబం అనుమతితోనే ఇక్కడ ఉదహరించాను. స్కూలు బస్సు క్లీనరు కంటితో మన గేటు ముందరి ట్రాఫిక్కును రాసిన అబ్బాయినీ మెచ్చుకోవాలి. కార్లు అడ్డంగా నిలిపేవారు తప్పక చదవాలి.

ఒక నాలుగు వ్యాసాల్లో మాత్రం పెద్దల చేయి పడిందని సవినయంగా మనవి చేస్తున్నాను. 'ళ'కూ 'ల'కూ తేడా తెలియక తంటాలు పడే పిల్లవాడు రాత్రికి రాత్రి 'మాతృమూర్తి త్యాగనిరతి' అని రాయడు. విచిత్రమేమిటంటే, ఆ నాలుగింటిలోనూ ముగ్గురు కథకుల్లో ఎవరు చెప్పినా అమ్మానాన్నలకు ఒక్క లోపమూ లేదు. వాటిని తిరిగి పంపుతున్నాము. దయచేసి ఈసారి పిల్లలనే రాయనివ్వండి.

వచ్చే శనివారం నాలుగు గంటలకు అదే చిత్రం మీకోసం ప్రదర్శిస్తున్నాం. ఫోన్లు ఉంచడానికి తలుపు దగ్గర బుట్ట పెడతాం. నానమ్మలనూ అమ్మమ్మలనూ తప్పక తీసుకురండి, ముందు వరుస వారికే.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు,
చెన్నై