కిటికీ తాడు మార్పిస్తే 20 శాతం పన్నా? బ్రిటన్ ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. లండన్ మేఫెయిర్‌లో బ్రూక్ స్ట్రీట్ 23, 25 నంబర్ల ఇళ్లు మీకు తెలిసే ఉంటాయి. మధ్యగోడకు ఇటు 25లో సంగీతకర్త హాండెల్ 1723 నుంచి 1759లో కన్నుమూసేదాకా అద్దెకున్నారు. అటు 23 పై అంతస్తులో 1968-69లో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ ఉన్నారు. వాళ్ల కోసమే నేనూ వెళ్లాను. తీరా వెళ్లాక నా కళ్లు కిటికీల దగ్గరే ఆగిపోయాయి.

ఇటుక గోడలో అవి నాలుగంగుళాలు లోపలికి ఉంటాయి. అది అందం కోసం పెట్టింది కాదు. 1666లో లండన్ తగలబడింది. చెక్క చట్రం గోడ అంచున ఉంటే నిప్పు పాకుతుందని 1709లో చట్టం చేసి లోపలికి జరిపించారు. చట్రం పక్కన చెక్క గూడులో తాడుకు ఓ బరువు వేలాడుతుంది. అద్దం పైకి జరిపితే బరువు కిందికి దిగుతుంది. నాకు మా ఊరి బావి గిలకే గుర్తొచ్చింది.

ఆ జంట ఇళ్లకు పెద్ద పేరుంది, అందుకే మ్యూజియం అయి బతికాయి. నేనుండేది పేరు లేని అలాంటి పాత ఇంట్లో, చిన్న ఫ్లాట్‌లో. పోయిన చలికాలం తాడు తెగి కిటికీ దబ్బున పడింది. వడ్రంగి వచ్చి, కుళ్లిన చెక్క మేరకే కోసి కొత్త ముక్క అతికి, తాడు మార్చి వెళ్లాడు. చేయి పెట్టి తడిమితే అతుకు తెలియలేదు. అంత మంచి పనికి బిల్లు మీద 20 శాతం వ్యాట్ పడింది. అదే కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా! రక్షిత కట్టడాల్లో, అంటే చరిత్ర విలువ ఉందని చట్టం కాపాడే భవనాల్లో, అనుమతితో చేసే మార్పులకు ఉన్న మినహాయింపును కూడా 2012 అక్టోబరులో తీసేశారు.

ఖర్చుకు భయపడి మనిషి వచ్చే ఏడాది చూద్దాంలే అనుకుంటాడు. వాన మాత్రం ఆగదు. తాడుతో పోయేది చట్రం దాకా, చట్రంతో పోయేది గోడ దాకా వస్తుంది.

రెండేళ్లు ఖాళీగా పడి ఉన్న ఇంటిని బాగు చేయిస్తే మీరు 5 శాతమే తీసుకుంటున్నారు. మనుషులు కాపురముండి కాపాడుకుంటున్న రక్షిత ఇళ్ల మరమ్మతులకూ ఆ 5 శాతమే వర్తింపజేయండి. వచ్చే బడ్జెట్‌లోనే ఆ మాట చెప్పండి.

ఇట్లు,
లండన్‌లో ఉంటున్న ఓ తెలుగువాడు