కేబుల్ తీసేసినం, లెక్క తప్పింది

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్ల కేబుల్ కనెక్షన్ తీసేసి ఇంటర్నెట్ పెట్టుకుంటే నెలకు ఎంత మిగుల్తదో రాసిండ్రు. చదివి మా ఇంటామె చేతుల పెట్టిన, ఆమె సగం చదివి నవ్వి మళ్ల నా చేతులనే పెట్టింది. ఎందుకంటే మేము ఆ పని పోయినేడు ఉగాదికే చేసి కూసున్నం. నేను మిర్యాలగూడల రైస్ మిల్లుల గుమస్తాను, పొద్దున లేస్తే బస్తాలు, తూకాలు, లారీ కిరాయిలు రాసుడే నా పని, అట్లాంటోని ఇంట్లనే ఈ లెక్క తప్పింది, అందుకే రాస్తున్న. మీరు రాసింది అబద్ధం అంటలేను, సగమే రాసిండ్రు అంటున్న.

మొదలు మీరు రాసిన సగం. 2019 ఫిబ్రవరిల ట్రాయ్, అంటే ఫోన్లు, కేబుల్ రేట్లు చూసే సర్కారు సంస్థ, కొత్త రూల్ పెట్టింది కదా, చూసే ఛానళ్లకే పైసలు కట్టండి అని. అప్పుడు అందరం మంచిదే అనుకున్నం. కానీ ఏ ఛానల్ తీసుకున్నా తీసుకోకున్నా నెట్‌వర్క్ ఫీజు అని 130 రూపాయల దాక, దాని మీద జీఎస్టీ 18 శాతం, అంటే 153 రూపాయల 40 పైసలు అక్కడికే అయ్యేది, ఆ మీదకెళ్లి తెలుగు ప్యాక్, పిల్లల కార్టూన్ ప్యాక్, క్రికెట్ ఉన్నప్పుడు స్పోర్ట్స్ ప్యాక్. 2024ల ఆ 130 రూపాయల హద్దు కూడా ఎత్తేసిండ్రు. మా ఇంటి బిల్లు మెల్లగ మెల్లగ 350 దాటింది. ఇంకోదిక్కు పిల్లల చదువు కోసం ఇంట్లకు ఫైబర్ నెట్ ఎట్లాగూ కావాలె, 399 ప్లాను జీఎస్టీతోని 471. రెండూ ఎందుకు దండుగ, టీవీ కూడా నెట్ మీదనే చూద్దాం అని మా పెద్దోడు అన్నడు, నాకూ నిజమే అనిపించింది, ఉగాది పచ్చడి తిన్న తెల్లారే కేబులాయనకు ఫోన్ చేసి బాక్సు తీసుకపొమ్మన్న.

ఆయన వచ్చి బాక్సు విప్పుకుంట ఒక్కటే అడిగిండు, అమ్మకు చెప్పినవా అన్నా అని. చెప్పలే.

మా అమ్మకు 68 ఏండ్లు. చదువు రాదు, కానీ అంకెలు వస్తయి, బస్సు నంబర్లు, పైసలు, క్యాలెండర్ల తారీఖులు అన్నీ గుర్తుపడ్తది. కేబుల్ ఉన్నన్ని రోజులు ఆమెకు ఛానల్ అంటే నంబరే. ఏ టైంకు ఏ నంబరు నొక్కాల్నో నోటికి తెల్సు, మధ్యల కేబులోళ్లు నంబర్లు మారిస్తే రెండు రోజులు తిట్టి మూడో రోజు కొత్త నంబరు నేర్చుకునేది. నెట్ టీవీల అంకెలే లేవు. అన్నీ బొమ్మలు, బొమ్మల కింద ఇంగ్లీషు. టీవీ వేయంగనే ఎవరు చూస్తున్నరు అని నలుగురి పేర్లు పెట్టి అడుగుతది, మా చిన్నది చదివి చెప్తే అమ్మ, నేనే చూస్తున్న, కండ్లు కనవడ్తలేవా దానికి, అన్నది.

ఇగ సీరియళ్లు. జెమినీది చూడాల్నంటే సన్ నెక్స్ట్ అనే యాప్, ఈటీవీది అయితే ఈటీవీ విన్, జీ తెలుగు అయితే జీ5, స్టార్ మా అయితే హాట్‌స్టార్, అది కూడా 2025 ఫిబ్రవరిల జియోసినిమాతోని కలిసి జియోహాట్‌స్టార్ అయ్యింది. అమ్మ పొద్దుగూకినంక చూసే నాలుగు సీరియళ్లు నాలుగు దుకాండ్లల్ల ఉన్నయన్నట్టు. ముందు ఒకటే రిమోటు, రెండు మూడు అంకెలు. ఇప్పుడు దీంట్లకెళ్లి బయటికొచ్చి దాంట్లకు పోవాలె, అది తెరుచుకునే లోపట సీరియల్ల సగం అయిపోతది. రిమోటు మీద మైకు బటన్ ఉంది కదా, నోటితోని చెప్తే వస్తది నానమ్మా అని చిన్నోడు నేర్పిండు. అమ్మది పాలమూరు యాస, వార్తలు పెట్టురా అని అడిగితే వడలు ఎట్ల చేసుడో వచ్చింది. రెండు మూడు సార్లు నవ్వుకున్నం, తర్వాత అమ్మ ఆ బటన్ ముట్టలే.

అమ్మకు టీవీ కొత్త కాదు, ఇది చెప్పాలె. మిర్యాలగూడల ఎవ్వలింట్ల టీవీ లేనినాడే ఆమె టీవీ చూసింది. 1975 ఆగస్టుల అమెరికా వాళ్ల ఉపగ్రహం ఒకటి వాడుకోని మన ఇస్రో దేశంల 2400 ఊర్లల్ల టీవీలు పెట్టింది, సైట్ అంటరు దాన్ని, మన దిక్కు మహబూబ్‌నగర్ జిల్లా ఊర్లు కూడా ఉండె అండ్ల. హైదరాబాద్ దూరదర్శన్ 1977ల వచ్చింది, అంటే పట్నపోళ్లకు రెండేండ్ల ముందే పాలమూరు పల్లెటూరోళ్లు చూసిండ్రు. అమ్మకు అప్పుడు పెండ్లి కాలే. బడి మీద కోళ్ల జాలితోని చేసిన పెద్ద గొడుగు లెక్క పెట్టిండ్రు, లైటు పడంగనే ఊరంత పోయి కింద కూసునేటోళ్లం, ఎవుసం గురించి, పసిపిల్లల గురించి చెప్పేటోళ్లు అంటది. ఏడాది తిరగంగనే ఉపగ్రహం వెనక్కి తీసుకపోయిండ్రు. నేను కేబుల్ తీపిచ్చిన రోజు రాత్రి అమ్మ అదే గుర్తు చేసింది, అప్పుడు వాళ్లు గూడ గిట్లనే ఏడాది చూపెట్టి ఎత్తుకపోయిండ్రు బిడ్డా అని. నాకు నోట మాట రాలే.

సరే అమ్మ సంగతి పక్కకు పెడితే మాకు బాగుందా అంటే బాగుంది, అబద్ధం ఎందుకు. పిల్లలు క్లాసులు వింటరు, నేను రాత్రి పది గంటలకు మిల్లు నుంచి వచ్చి ఏది కావాల్నంటే అది మొదటికెళ్లి చూసుకుంట, అడ్వర్టైజ్‌మెంట్లు తక్కువ. నెట్ సరిపోతదా అని చానమంది అడుగుతరు. హెచ్‌డీ బొమ్మకు 5 ఎంబీపీఎస్ స్పీడు ఉంటే నడుస్తది, మా 399 ప్లాన్ల 30 ఉంటది, ఇద్దరు ముగ్గురు ఒకటేసారి చూసినా ఆగదు. గంట హెచ్‌డీకి ఎక్కువల ఎక్కువ 3 జీబీ అనుకోండి, రోజుకు ఆరు గంటలు నడిచినా 18, నెలకు 540, ప్లాన్ల 3300 జీబీ దాక ఉంటది కాబట్టి దిగులు లేదు. కానీ ఇది ఇంటికి తీగ వచ్చినోళ్ల లెక్క. మా చెల్లె వాళ్లది దేవరకొండ దిక్కు చిన్న ఊరు, ఫోన్ నెట్టే దిక్కు, రోజుకు 2 జీబీ ప్యాక్ అంటే టీవీకి కలిపితే గంట కూడా రాదు. భగీరథ నీళ్ల పైపుల పక్కపొంటి ఫైబర్ పైపులు గూడ వేసిండ్రు కదా టీ ఫైబర్ అని, ఆ లైను వాళ్ల ఇంటిదాక వచ్చిననాడు చూద్దం, అప్పటిదాక కేబుల్ తీసెయ్యకు అని చెప్పిన. అసలు నెలనెలా కట్టుడే భారం అనుకునేటోళ్లకు దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్ ఉంది, ఒక్కసారి గొడుగు, బాక్సు కొంటే అయిపాయె, నెల బిల్లు లేదు, మన యాదగిరి ఛానల్ కూడా వస్తది. మీ పేపర్ల దాని గురించి ఒక్క ముక్క రాయలే.

క్రికెట్ కూడా ఒకటి చెప్పాలె. పక్కింట్ల కేబుల్, మా ఇంట్ల నెట్. పక్కింటోళ్లు వికెట్ పడ్డది అని అరుస్తరు, మా టీవీల బౌలర్ ఇంక ఉరుకుతనే ఉంటడు. నెట్ల బొమ్మను చిన్న చిన్న ముక్కలు చేసి పంపిస్తరు, ఆగకుంట నడవాల్నని టీవీ కొన్ని ముక్కలు ముందే దాసిపెట్టుకోని చూపిస్తది, అందుకే ఆ లేటు అని పెద్దోడు చెప్పిండు. నిజమే అయి ఉంటది గాని ఫైనల్ రోజు కిటికీలు మూసుకోని చూసినం.

ఇప్పుడు పైసల లెక్క. కేబుల్ 350 మిగిలింది అనుకున్న కదా, యాప్‌లు ఒక్కొక్కటి కొనంగ కొనంగ అన్నీ కలిపి నెలకేసి చూస్తే 300 దగ్గరికి వచ్చింది. అండ్ల ఒక యాప్ మొదటి నెల ఫ్రీ అన్నది, ఫోన్ల ఆటోపే, అంటే నెలనెలా దానంతట అదే పైసలు కట్ అయ్యేటట్టు, పెట్టిచ్చుకున్నది, చూసుడు బంద్ చేసినా నాలుగు నెలలు పైసలు కట్ అయినయి, మిల్లుల పైసా తేడా వస్తే పట్టుకునేటోన్ని నా ఖాతాలది నాకే కనవడలే. కరెంటు పోతే రౌటరు పోతది, వచ్చినంక అది లేసేదాక టీవీ లేదు, రౌటరుకు చిన్న యూపీఎస్ కొన్న, అది వేరే ఖర్చు. ఖాతా పుస్తకంల రాసుకుంటే మిగులు ఏం లేదు, సున్నాకు దగ్గర.

ఇవన్నీ ఓర్సుకోవచ్చు. నాకు మనసుల పడ్డది ఇంకోటి.

మా టౌన్ల కేబుల్ల ఒక లోకల్ ఛానల్ వస్తది. చూడనీకె ఏం గొప్పగ ఉండదు, బొమ్మ గూడ సక్కగ రాదు. కానీ కింద స్క్రోలింగ్ల ఊరంత ఉంటది. రేపు ఏ గల్లీల కరెంటు తీస్తరు, ఎవరి సర్టిఫికెట్లు బస్‌స్టాండ్ల దొరికినయి, ఏ బడిల అడ్మిషన్లు, ఎవరి ప్లాటు అమ్మకానికి ఉంది. చెర్వుగట్టు జాతర అప్పుడు అగ్నిగుండాలు చూపెడ్తరు, నడవలేని ముసలోళ్లు ఇంట్ల కూసోని దండం పెట్టుకుంటరు. అన్నిటికంటే ఎక్కువ, సచ్చిపోయినోళ్ల ఫొటోలు, శ్రద్ధాంజలి అని దండ వేసి, అంతిమయాత్ర ఎన్ని గంటలకో రాసి. మా అమ్మ పొద్దున టీ తాక్కుంట ముందు అదే చూసేది. చదువు రాకున్నా మొఖాలు గుర్తుపడ్తది కదా.

మేము పెండ్లయిన కొత్తల రైల్వే స్టేషన్ దిక్కు కిరాయికి ఉండేటోళ్లం, అక్కడ పక్కపోర్షన్ల ఒక పెద్దమ్మ ఉండె, మా పెద్దోడు పుట్టినప్పుడు అమ్మతోని పాటు దవాఖాన్ల మూడు రాత్రులు కూసున్నది. పోయిన కార్తీకంల ఆమె సచ్చిపోయింది. అదే టౌన్ల, మా ఇంటికి రెండు కిలోమీటర్లు లేదు. మాకు తెల్వలే. వాళ్ల పిల్లలు మమ్మల్ని మర్చిపోయిండ్రు, వాట్సాప్ గ్రూపుల మేము లేము. పన్నెండో రోజు దినాలకు పోయొచ్చిన కూరగాయలామె చెప్తే అమ్మకు తెల్సింది. అమ్మ ఏం మాట్లాడలే, గోడకున్న పెద్ద టీవీ దిక్కు చూసి, గింత పెద్ద టీవీ పెట్టినవు, గామె ఫొటో రాలేదారా అండ్ల, అన్నది.

నేను నెట్ మీద దేశాలన్నీ చూస్తున్న, ఆ ముసలామె వార్త మాత్రం మా ఇంటికి రాలే. అది యాప్‌ల తప్పు అని నేను అంటలేను, వాళ్లకు మిర్యాలగూడ ఎందుకు తెలుస్తది.

తర్వాత వారం కేబులాయనకు మళ్ల ఫోన్ చేసిన. బాక్సు పట్టుకోని వచ్చిండు, ఎగతాళి చేస్తడేమో అనుకున్న, చెయ్యలే. ఆయన గూడ ఇప్పుడు నెట్ కనెక్షన్లు ఇస్తున్నడంట, కేబుల్ ఒక్కదానితోని బతకలేనన్నా అన్నడు. తీగలు ఏవైనా కరెంటు స్తంభం మీదకెళ్లే రావాలె, 2025 ఆగస్టుల హైదరాబాద్ రామంతాపూర్‌ల కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయినంక పట్నంల స్తంభాల మీది కేబుళ్లు కత్తిరిచ్చిండ్రు, కేబుల్ది నెట్‌ది అని చూడలే, మా దిక్కు ఎప్పుడొస్తదో అని ఆయనకు భయం. ఆయన పని ఏమైతదో నాకూ తెల్వదు. అమ్మ రూంల పాత డబ్బా టీవీకి అన్నిటికంటే చిన్న ప్యాక్ పెట్టిపిచ్చిన. హాల్ల నెట్. రెండు బిల్లులు. గుమస్తా ఇంట్ల రెండు బిల్లులు అంటే మా సేటు నవ్విండు.

ఎడిటర్ గారూ, నేను అడిగేది రెండే. ఒకటి, ఈసారి ఇట్లాంటిది రాసినప్పుడు ఆటోపే ఎట్ల బంద్ చేసుకోవాల్నో, టీవీ వేయంగనే బొమ్మల పేజీ కాకుండ లైవ్ ఛానలే వచ్చేటట్టు ఎట్ల పెట్టుకోవాల్నో తెలుగుల బొమ్మలతోని రాయండి, మా అసొంటోళ్లు కత్తిరిచ్చి టీవీ పక్కన అతికిచ్చుకుంటరు. రెండోది, మీ జిల్లా పేజీల సంతాపాల జాగ రోజురోజుకు తక్కువైతున్నది, కలర్ అడ్వర్టైజ్‌మెంట్ ఇచ్చినోళ్ల ఫొటోలే పెద్దగ వస్తున్నయి. పేదోళ్లయి చిన్న ఫొటో, పేరు, గల్లీ, టైం, గంతే చాలు, రోజూ ఒక కాలం పెట్టండి. మా పెద్దోడు అమ్మకు చదివి వినిపిస్తడు.

గేటు కాడ ధాన్యం లారీ వచ్చింది, డ్రైవర్ హారన్ కొడ్తున్నడు, ఉంట.

మీ పాఠకుడు,
రైస్ మిల్లు గుమస్తా,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా