చెక్క గ్యాలరీ మరమ్మతు నిధి: జమా ఖర్చుల వివరణ

ఫుట్‌బాల్ మైదానంలోని పాత చెక్క గ్యాలరీని నిలబెట్టుకోవడానికి మీరిచ్చిన సొమ్ముకు లెక్క చెప్పడం మా బాధ్యత. రసీదులు, ఓచర్లు, బ్యాంకు పుస్తకం నకలు గ్యాలరీ మెట్ల పక్కనున్న బోర్డు మీద అంటించాం. అసలు అంకెలన్నీ అక్కడే ఉన్నాయి కాబట్టి ఇక్కడ వచ్చిన మొత్తాన్ని నూరు వంతులుగా తీసుకుని, ఏ వంతు ఎక్కడినుంచి వచ్చిందో, ఎందుకు ఖర్చయిందో రాస్తున్నాం.

పని ముగిశాక చాలామంది ఒకే ప్రశ్న అడిగారు: "ఇంత డబ్బు పెట్టారు కదా, గ్యాలరీ మునుపటిలాగే ఉందేమిటి?" అడగవలసిన ప్రశ్నే. సొమ్ములో ఎక్కువ భాగం కంటికి కనిపించని చోట పెట్టాం. స్తంభాలు నేలకు ఆనే మొదళ్లలో, పలకల అడుగున, మీరు కూర్చునే వరసల కింది చీకటిలో పెట్టాం. తెలిసే అలా చేశాం. కారణాలు కింద ఉన్నాయి.

జమ

నూరు వంతుల్లో 46 వంతులు చిన్న చందాలే. ప్రేక్షకులు, ఒకప్పుడు ఇక్కడ ఆడినవారు, వారి పిల్లలు ఇచ్చినవి. వారసత్వ కట్టడాల కోసం ఇచ్చే గ్రాంటు కింద 25 వంతులు వచ్చాయి. నిధి కోసం ఆడిన మ్యాచ్ టిక్కెట్ల మీద 17, మైదానం వాడుకునే జట్ల వాటా 6, బ్యాంకు వడ్డీ 2. మిగిలిన 4 వంతులు, మళ్లీ వాడటానికి పనికిరాని పలకల్లోంచి మంచి ముక్కలు కోసి జ్ఞాపికలుగా అమ్మితే వచ్చినవి. పుచ్చిన ముక్క ఒక్కటి కూడా అమ్మలేదు. పురుగు పట్టిన కర్ర ఇంకొకరి ఇంటికి చేరితే అక్కడి కర్రకూ పట్టవచ్చు. అలాంటివన్నీ వేరుచేసి తీయించాం.

ఖర్చు

పని మొదలుపెట్టకముందే 9 వంతులు ఖర్చయ్యాయి. ఇంజనీరు తనిఖీకి, కొలతలతో నక్షా గీయించడానికి, ప్రతి కీలునూ ఫొటో తీయించడానికి. "ముందే ఇంత ఖర్చా?" అని కమిటీలోనే అభ్యంతరం వచ్చింది. ఆ తనిఖీ రోజున మేము చూసినది చెబుతాం. ముందు వరసలో మూడో స్తంభం చూడటానికి నున్నగా, రంగుతో, గట్టిగా ఉంది. ఇంజనీరు నేలకు బెత్తెడు ఎత్తున దబ్బనం ఆనించి నొక్కారు. అది పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే మొన వెంట గోధుమరంగు పొడి రాలింది. పై పొర చెక్కితే లోపలి కర్ర చిన్నచిన్న ఘనాలుగా చీలిపోయి, వేళ్ల మధ్య నలిగి పిండయింది. అదే స్తంభం మీద మోకాలి ఎత్తున మళ్లీ దబ్బనం పెడితే మొన దిగనే లేదు. పైనంతా చేవ. కింద రెండడుగులే పోయింది.

కర్ర నిలువు పోగు తెగిన చోట, అంటే మొదట్లో, నీటిని గడ్డిపోచలా పీల్చుకుంటుంది. తేమ 20 శాతం దాటకుండా చూసుకుంటే కుళ్లు పట్టించే బూజు పెరగదు. తడి మట్టిలో పాతుకుని, గాలి తగలకుండా ఉన్న మొదలుకు ఆ అవకాశం లేదు. మొత్తం స్తంభాలు మార్చాలనుకున్న మా తొలి అంచనా ఆ ఒక్క రోజుతో మారిపోయింది. తనిఖీకి పెట్టిన 9 వంతులు అంతకు ఎన్నో రెట్ల కర్రను మిగిల్చాయి.

పలకల అడుగు శుభ్రం చేయడానికి, మళ్లీ చెత్త పడకుండా సందులు మూసి జల్లెడ బిగించడానికి 6 వంతులు అయ్యాయి. కూలి దాదాపు లేదు. వారాంతాల్లో వచ్చి పాకుతూ లోపలికి వెళ్లిన పిల్లలకు, పెద్దలకు కమిటీ రుణపడి ఉంది. ఆ 6 వంతులు ముసుగులు, చేతి తొడుగులు, చెత్త తరలించే బండి, జల్లెడ ఖరీదు. అన్ని పనులకంటే ముందు దీన్నే ఎందుకు చేశామో చెప్పాలంటే ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ సంగతి చెప్పాలి. 1985 మే 11న అక్కడి క్లబ్బు మైదానంలో, 1911లో కట్టిన చెక్క గ్యాలరీ మ్యాచ్ జరుగుతుండగా తగలబడింది. నేల పలకల సందుల్లోంచి ఏళ్ల తరబడి కిందపడిన కాగితాలు, చెత్త అక్కడ పేరుకుపోయి ఉన్నాయి. నిప్పు వాటికే అంటుకుంది. ఐదు నిమిషాలు తిరక్కముందే గ్యాలరీ అంతా మంటలు. 56 మంది చనిపోయారు. వెనుక వైపు పారిపోయినవారికి తలుపులు మూసి ఉన్నాయి. అడుగున పేరుకున్న చెత్తలో 1968 నాటి వార్తాపత్రిక దొరికింది. చెత్త గురించి హెచ్చరిస్తూ అంతకు ముందు ఏడాదే లేఖ కూడా వెళ్లింది.

మన గ్యాలరీ కింద కూడా ఎండిన ఆకులు, టిక్కెట్ ముక్కలు, కాగితాలు మోచేతి లోతున ఉన్నాయి. అవి చూసిన రోజు మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లూ దాని పైనే మన పిల్లలను కూర్చోబెట్టాం.

అందుకే అగ్నిమాపక ఏర్పాట్లకు 11 వంతులు కేటాయించాం. వెనుక వైపు కొత్తగా ఒక దారి తెరిచాం. తలుపులన్నీ బయటికి తెరుచుకునేలా మార్చాం. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ వాటికి తాళం ఉండదు. మంటలార్పే సిలిండర్లు, పొగను పసిగట్టే పరికరాలు పెట్టించాం. గ్యాలరీలోనే కాదు, దాని చుట్టూ కూడా పొగతాగడం నిషేధం. చాలామంది అనుకున్నట్టు లావు దూలం నిప్పుకు వెంటనే లొంగదు. పైన బొగ్గు పొర కట్టి లోపలి కర్రను కొంతసేపు కాపాడుతుంది. ముందుగా అంటుకునేవి పల్చని పలకలు, వాటి కింది చెత్త. ఖర్చు కూడా ఆ లెక్కనే పెట్టాం.

ఇక ప్రధానమైన పద్దు వడ్రంగం. కర్రకు 21 వంతులు, వడ్రంగుల కూలికి 24. పని జరిగినంతకాలం పైకప్పు బరువు మోయడానికి వేసిన తాత్కాలిక ఊతలకు 8. స్తంభాల కింద ఇనుప పీటలకు, బోల్టులకు, చూరు నీరు దూరంగా పోయే కాలువకు 9. అన్నీ కలిపితే 62 వంతులు.

మొత్తం తీసేసి ఇనుముతో, కాంక్రీటుతో కడితే పదేళ్లలో ఖర్చు తక్కువని కొందరు సభ్యులు వాదించారు. ఆ వాదనను తేలిగ్గా తీసుకోలేదు, మూడు సమావేశాలు దాని మీదే నడిచాయి. 1902లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో ఇనుప చట్రం మీద నిలిపిన చెక్క మెట్ల వరసలు కూలి 25 మంది చనిపోయిన విషయం కూడా ఆ సమావేశాల్లోనే చదివి వినిపించారు. ఆ మైదానానికి నక్షా వేసిన ఆర్చిబాల్డ్ లీచే 1905లో లండన్‌లోని క్రావెన్ కాటేజ్ గ్యాలరీ కట్టారు. అక్కడ పాత చెక్క కుర్చీలు ఇప్పటికీ ఉన్నాయి, జనం వాటిలోనే కూర్చుంటున్నారు. ఇంగ్లండ్‌లోనే గ్రేట్ యార్మత్ ఊళ్లోని వెల్లెస్లీ మైదానంలో 1892 నాటి చెక్క గ్యాలరీ ఇంకా నిలిచి ఉంది. కర్ర కాబట్టి ప్రమాదం, కర్ర కాబట్టి పోతుంది అన్న మాట నిజం కాదని మాకు తేలింది. చూసుకోకపోతే ఏదైనా పోతుంది. ఓటింగు జరిగింది, మరమ్మతుకే మెజారిటీ వచ్చింది.

కుళ్లిన మొదలు కోసేసి, మిగిలిన చేవ కర్రకు ఏటవాలుగా కోసిన కొత్త ముక్కను అతికి, బోల్టులతో బిగించారు. అదే జాతి కర్ర, అదే పోగు దిశ, బాగా ఆరినది. అందుకే కర్ర ఖరీదు ఎక్కువైంది. పచ్చి కర్ర సగం ధరకే దొరికేది, కానీ ఆరుతూ కుంచించుకుపోయి అతుకు విడిపోయేది. ప్రతి కొత్త ముక్కకూ కనిపించని వైపున సంవత్సరం చెక్కించాం. రేపు దీన్ని విప్పేవారికి ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలి. ఈ ఆలోచన మాకు పాత వడ్రంగులే నేర్పారు. మధ్య దూలం కీలు విప్పినప్పుడు లోపల ఉలితో గీసిన గీతలు బయటపడ్డాయి. దూలం మీద మూడు గీతలు, దాని గూటి పక్కన మూడు గీతలు. ఏ కర్ర ఏ గూట్లో కూర్చోవాలో తెలియడానికి కట్టినవారు పెట్టుకున్న గుర్తులు అవి. ఇన్నేళ్లూ వెలుగు తగలకపోవడంతో నిన్న గీసినట్టున్నాయి. వాటిని ఎవరూ చిత్రిక పట్టకుండా మా వడ్రంగి పనివాడు పక్కనే కూర్చుని కాపలా కాశాడు. కీలు మళ్లీ అదే గూట్లో బిగించాం.

కూర్చునే బల్లల్లో 10కి 7 పాతవే. కొన్ని చోట్ల అరిగి పల్లం పడ్డాయి. మార్చమని అడిగినవారున్నారు. బలం తగ్గనంతవరకు మార్చకూడదని నిర్ణయించాం. ఆ పల్లం మనవాళ్లు కూర్చున్నదే.

రంగుకు, నూనెకు 3 వంతులు. దీని పక్కనే ఇంకో 3 వంతుల పద్దు ఉంది, అది మా తప్పు. మ్యాచ్ తేదీకి అందంగా కనిపించాలని తొందరపడి, కర్ర పూర్తిగా ఆరకముందే ముందు వరస కమ్మెలకు ప్లాస్టిక్‌లా పొర కట్టే రంగు వేయించాం. లోపలి తేమకు బయటికి దారి లేకపోయింది. నెల తిరగకుండానే బొబ్బలు లేచాయి. అదంతా గీకించి, గాలి ఆడనిచ్చే రంగు మళ్లీ వేయించాల్సి వచ్చింది. పాత పొరల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి తడిపి, పొడి లేవకుండా గీకించాం. పనివాడు వారం ఆగమన్నా మేము వినలేదు. ఆ 3 వంతులు మీ సొమ్ము. క్షమించమని అడుగుతున్నాం.

రసీదు పుస్తకాలు, బ్యాంకు ఛార్జీలు, ఫొటో నకళ్లకు 1 వంతు. కమిటీ సభ్యుల రాకపోకలకు, సమావేశాలకు నిధి నుంచి ఏమీ తీయలేదు. దాతల పేర్లతో శిలాఫలకం వేయించలేదు. పేర్లన్నీ ఒక పుస్తకంలో రాసి గ్యాలరీ గదిలో ఉంచాం.

నిల్వ

మొత్తం ఖర్చు 95 వంతులు, నిల్వ 5. అందులో 2 వంతులు వడ్రంగులకు ఇవ్వాల్సిన ఆఖరి వాయిదా. వర్షాకాలం గడిచి అతుకులు నిలిచాయని చూశాక చెల్లిస్తామని ముందే ఒప్పుకున్నాం. మిగిలిన 3 వంతులు ఏటా రెండుసార్లు అడుగు శుభ్రం చేయించడానికి, తేమ కొలిపించడానికి. దాన్ని వేరే పనికి తీయకూడదని తీర్మానం రాసుకున్నాం.

వెనుక రెండు వరసలు ఇంకా మూసే ఉంటాయి. వాటి పైనున్న కప్పు పని ఈసారి చేయలేకపోయాం. కప్పుకే అని చెప్పి ఇచ్చినవారి చందాలు పై లెక్కలో కలపలేదు, వేరే ఖాతాలో ఉన్నాయి. కప్పు పని మొదలయ్యేదాకా ఆగగలవారు అలాగే ఉంచవచ్చు. వెనక్కి కావాలనుకున్నవారు రసీదు చూపిస్తే, ఏ ప్రశ్నా అడగకుండా కోశాధికారి అదే రోజు చెల్లిస్తారు.