ఇకపై మా గిటార్లకు లక్కర్ పూత ఉండదు

హనుమకొండలోని మా చిన్న వర్క్‌షాపులో గిటార్ కొన్నవారికి, అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూస్తున్నవారికి, కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి ఒక విషయం ముందే చెప్పాలి. ఈ వర్షాకాలం నుంచి మేము చేసే ఎలక్ట్రిక్ గిటార్లకు అద్దంలా మెరిసే లక్కర్ పూత ఉండదు. అవిసె నూనె, వార్నిష్ కలిపి గుడ్డతో పట్టించే పూత ఒక్కటే ఉంటుంది. ధర మాత్రం మారదు, 18,000 రూపాయలే.

పూత తగ్గించి ధర తగ్గించకపోవడం న్యాయమా అని కొందరు ఇప్పటికే ఫోను చేసి అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఆ డబ్బు ఎటు పోతోందో చెబుతాను.

లక్కర్ పని చూడనివారికి అది స్ప్రే గన్‌తో రంగు కొట్టినంత తేలికగా అనిపిస్తుంది. టేకు చెక్కకు పెద్ద పెద్ద రంధ్రాలుంటాయి. ముందు వాటిని లప్పంతో పూడ్చి, ఆరాక రుద్ది, సీలర్ (చెక్క పీల్చకుండా ఆపే తొలి పూత) కొట్టి, మళ్లీ రుద్దాలి. ఆ తర్వాత లక్కర్‌ను పలుచగా, పొర మీద పొరగా కొట్టాలి. చివరి పొర పడ్డాక వారాల తరబడి ముట్టుకోకుండా ఉంచాలి. ఎందుకంటే లక్కర్ పైకి ఆరినట్టు కనిపించినా లోపల థిన్నర్ ఇంకా బయటికి పోతూనే ఉంటుంది, పొర కుంచించుకుంటూనే ఉంటుంది. తొందరపడి రుద్దితే నెల తిరిగేసరికి చెక్క గీతలు పైకి తేలతాయి. పూర్తిగా గట్టిపడ్డాక 800 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 2000 వరకు నీళ్లతో రుద్ది, కార్లకు వాడే కంపౌండ్‌తో మెరుగు పెట్టాలి. మూలల దగ్గర చేయి కాస్త బరువుగా పడిందంటే పొర తెగి చెక్క బయటపడుతుంది. ఆ మూలకు మళ్లీ మొదటి నుంచి పని.

ఇక వానల్లో ఇది అసలు కుదరదు. థిన్నర్ ఆవిరవుతూ పొరను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి నీరు పొరలోకి దిగి, పూత మొత్తం పాలిపోయి తెల్లబడుతుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ కలిపితే కొంత తగ్గుతుంది కానీ, జులై, ఆగస్టుల్లో మన దగ్గర రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు దాన్ని నమ్మి తేదీ చెప్పలేను. పైగా లక్కర్ ఆవిరికి నిప్పు తొందరగా అంటుకుంటుంది. మాది ఇళ్ల మధ్య ఉన్న షెడ్డు. పక్కింట్లో చిన్నపిల్లలున్నారు. ఆ వాసన వాళ్ల ఇంట్లోకి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

లక్కర్ గొప్పతనాన్ని కాదనను. అమెరికా గిటార్ల కంపెనీ ఫెండర్ తన తొలి రంగుల గిటార్లకు డూపాంట్ అనే రసాయనాల కంపెనీ వారి కారు లక్కర్ రంగులనే వాడింది. మన నిర్మల్ చిత్రకారుల చేతిలో ఉండే డ్యూకో రంగులు కూడా ఆ కుటుంబానివే. బాగా చేస్తే దానికి సాటి లేదు. కానీ బాగా చేయడానికి పట్టే ఖర్చు, సమయం 18,000 రూపాయల గిటార్‌లో పెడితే, వాయించేవాడి వేళ్లకు తగిలే భాగాలకు ఏమీ మిగలదు. లక్కర్, థిన్నర్, సీలర్, వాటర్ పేపర్, కంపౌండ్ కలిపి ఒక్కో గిటార్‌కు 1,500 రూపాయలకు తక్కువ కావడం లేదు. పని గంటలు దీనికి అదనం.

ఆ గంటలను, ఆ డబ్బును ఇప్పుడు నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి మెడ) మీద, ఫ్రెట్ల (ఆ మెడకు అడ్డంగా దిగ్గొట్టే లోహపు కమ్మీలు) మీద పెడుతున్నాను.

గిటార్‌లో అన్నింటికన్నా కష్టపడేది నెక్. మామూలు తీగలు ఆరూ శ్రుతిలో ఉన్నప్పుడు 45 కిలోలకు పైగా బలంతో దాన్ని లాగుతూ ఉంటాయి. అందుకే ఒకే చెక్కతో కాకుండా మూడు టేకు పట్టీలను నార ఎదురెదురుగా వచ్చేలా అతికించి, లోపల ఉక్కు కడ్డీ పెట్టి చేస్తున్నాను. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు థిన్నర్‌తో తుడవకపోతే జిగురు సరిగా పట్టదు. ఇక ఫ్రెట్ల లెక్క. మేము వాడే కొలత, అంటే తీగ ఆనే రెండు చోట్ల మధ్య పలికే పొడవు, 648 మిల్లీమీటర్లు, అంటే ఇరవై అయిదున్నర అంగుళాలు. దాన్ని 17.817తో భాగిస్తే నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే ముక్క) నుంచి మొదటి ఫ్రెట్‌కు ఉండాల్సిన దూరం వస్తుంది: 36.37 మిల్లీమీటర్లు. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండో ఫ్రెట్. అలా చేసుకుంటూ పోతే పన్నెండో ఫ్రెట్ సరిగ్గా సగంలో, 324 దగ్గర పడాలి. పడకపోతే ఆ గిటార్ ఎప్పటికీ శ్రుతిలో పలకదు. దానికి ఎంత మెరుపు పెట్టినా లాభం లేదు.

ఫ్రెట్లు దిగ్గొట్టాక అసలు పని మొదలవుతుంది. ప్రతి ఫ్రెట్ నెత్తిన మార్కర్‌తో నల్లగా గీస్తాను. చదునైన ఉక్కు పట్టీకి సాండ్‌పేపర్ అంటించి నెక్ పొడవునా మెల్లగా నడిపిస్తాను. ఎత్తుగా ఉన్న ఫ్రెట్ల మీద సిరా ముందు పోతుంది. పల్లంగా ఉన్నవాటి మీద అలాగే నిలుస్తుంది. అన్నింటి మీదా సిరా సమానంగా పోయేదాకా ఆపను. తర్వాత చిన్న ఉక్కు బిళ్లను మూడేసి ఫ్రెట్ల మీద నిలబెట్టి అటూ ఇటూ ఊపి చూస్తాను. టిక్కుమని చప్పుడు వచ్చిందంటే మధ్య ఫ్రెట్ ఇంకా ఎత్తుగా ఉన్నట్టే. అది సరిచేశాక, రుద్దుడుకు చదునైన నెత్తులను సన్నని ఆకురాయితో మళ్లీ గుండ్రంగా తీర్చాలి. ఈ పనికి దగ్గరదారి లేదు. బజారులో దొరికే చవక గిటార్లలో చాలావాటికి తగ్గించేది ఇక్కడే. కొన్న నెలకే తీగ జరజరలాడుతోందని మా దగ్గరికి రిపేరుకు తెచ్చే గిటార్లు చాలావరకు అలాంటివే.

ఫ్రెట్ల అంచుల గురించి కూడా చెప్పాలి. మన మే నెల ఎండలకు చెక్క బిగుసుకుపోయి సన్నబడుతుంది, లోహం సన్నబడదు. దాంతో ఫ్రెట్ కొనలు బయటికి పొడుచుకొచ్చి అరచేతిని గీరుతాయి. మా గిటార్ కొన్నవారు మొదటి ఎండాకాలం తర్వాత ఒకసారి తీసుకురండి. ఆకురాయితో సరిచేసి ఇస్తాను. దీనికి డబ్బు తీసుకోను.

చెక్క చాలావరకు పాత ఇళ్లదే. పెంకుటిళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాలు, దర్వాజా చట్రాలు పాత కలప అమ్మేవాళ్ల దగ్గర కొంటున్నాను. ఏళ్ల తరబడి ఎండిన టేకు ఇక అంత తేలికగా వంగదు, అదే నాకు కావలసింది. రందా పట్టే ముందు అయస్కాంతంతో ప్రతి అంగుళం వెతికి మేకులు పీకుతాను. మేకు ఉన్నచోట ఇనుము వల్ల చెక్క నల్లబడి ఉంటుంది. ఆ రంధ్రాన్ని అదే టేకు ముక్కతో పూడుస్తాను కానీ నలుపు పోదు. రంగు లక్కర్ కింద ఇది కనిపించేది కాదు. నూనె పూతలో కనిపిస్తుంది. నాకు ఆ మచ్చ అందంగానే ఉంటుంది. మీకు నచ్చకపోతే ముందే చెప్పండి, మచ్చ లేని ముక్క దొరికేదాకా ఆగుతాను.

టేకు బరువే. లోపల గదులు తొలవకుండా 44 మిల్లీమీటర్ల మందాన బాడీ కోస్తే అదొక్కటే రెండున్నర కిలోలు దాటుతుంది. చర్చిలో రెండు గంటలు నిలబడి వాయించేవాళ్ల భుజాలకు అది ఎక్కువే. అందుకే ఇప్పుడు పై పలక అతికించే ముందు లోపల కొంత తొలిచేస్తున్నాను.

పికప్‌లు (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చేవి), ట్యూనర్లు (తీగలు బిగించే మరలు), బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) మేము చేసేవి కావు. కొంటాము. అవి ఎక్కువగా చైనావి. పూర్తిగా చేతితో చేసిన గిటార్ అని చెప్పి అమ్మితే అది అబద్ధమవుతుంది. పికప్ కోసం సన్నని రాగి తీగను వేల చుట్లు తెగకుండా చుట్టే యంత్రం నా దగ్గర లేదు. 1963లో బ్రయాన్ మే అనే ఇంగ్లండు కుర్రాడు తండ్రితో కలిసి ఇంట్లోనే గిటార్ చేయడం మొదలుపెట్టాడు. పాత ఫైర్‌ప్లేస్ మహాగని చెక్క నెక్ అయింది, మోటారు సైకిల్ వాల్వ్ స్ప్రింగులు ట్రెమొలోలోకి (తీగలను వదులు చేసి స్వరాన్ని ఊపే అమరికలోకి) వెళ్లాయి, తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు ఫ్రెట్‌బోర్డ్ మీద గుర్తులయ్యాయి. అతను కూడా తాను చుట్టిన పికప్‌లను పక్కనపెట్టి చివరికి బర్న్స్ కంపెనీవి కొన్నాడు. తర్వాత క్వీన్ అనే రాక్ బృందంలో లోకమంతా విన్నది ఆ గిటార్‌నే. మా గిటార్ల కంట్రోల్ ప్లేటు (నాబ్‌లు బిగించే రేకు) మాత్రం మన దగ్గరిదే. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద చేతితో చెక్కించి తెస్తున్నాను.

హమ్మింగ్ గురించి చాలామంది అడుగుతున్నారు. తీగల మీద నుంచి చేయి తీయగానే గుయ్యిమంటోందని. ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్ మన కరెంటులోని 50 హెర్ట్జ్‌ల మోతను పట్టుకుంటుంది, అది దాని స్వభావం. దీన్ని రద్దు చేయడానికే 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు కాయిళ్లను, ఒకదాని మోతను ఇంకొకటి కొట్టేసేలా కలిపి, హంబకర్ అనే పికప్ తయారు చేశాడు. మేము లోపలి గదులకు రాగి రేకు అంటిస్తున్నాము. అయినా మోత గట్టిగా ఉంటే మీ ఇంటి ఎర్తింగ్ చూపించుకోండి. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచేసిన ఆంప్‌తో (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెతో) దయచేసి వాయించవద్దు. తీగలు బ్రిడ్జి మీదుగా ఆంప్ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. ఆంప్‌లో లోపం ఉంటే షాక్ నేరుగా మీ చేతికే వస్తుంది.

నూనె పూతను ఏడాదికొకసారి మీరే ఇంట్లో పట్టించుకోవచ్చు. గీత పడినా అక్కడికక్కడే రుద్ది సరిచేసుకోవచ్చు, లక్కర్‌తో అది అంత సులభం కాదు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: అవిసె నూనె అంటిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. విప్పి బయట తీగ మీద ఆరేసి, పూర్తిగా బిరుసెక్కాకే పారేయండి.

లక్కర్ పూత ఇస్తానని మాట తీసుకుని అడ్వాన్సు ఇచ్చినవారికి మాట ప్రకారమే చేస్తాను. అయితే దీపావళి దాటి గాలి పొడిబారాకే స్ప్రే చేస్తాను కాబట్టి గిటార్ సంక్రాంతికి గానీ చేతికి రాదు. అంతదాకా ఆగలేనివారికి అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాను. నూనె పూతకు మారతామంటే దసరా లోపు ఇవ్వగలను. నూనె పూత వేసిన గిటార్ ఒకటి, ఆంప్‌తో సహా, షెడ్డులోనే పెట్టాను. ఆదివారాలు కూడా తెరిచే ఉంటాను. వచ్చి కాసేపు వాయించి చూసి చెప్పండి.