సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించిన వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సెలవు మీద వచ్చిన గల్ఫ్ సోదరులకు, వెనుక వరుసల్లో కూర్చున్న అమ్మలకు, అక్కలకు నమస్కారం.

ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అంటూ మూటలు కట్టిన ఊళ్లు మనవి. ఈ ఏడాది గల్ఫ్‌లో చనిపోయిన మనవారి శవపేటికల కోసం శంషాబాద్ విమానాశ్రయం కార్గో గేటు దగ్గర మనం ఏడుసార్లు నిలబడ్డాం. రెండు పెట్టెలు దుబాయి నుంచి, ఒకటి కువైట్ నుంచి, మిగిలినవి సౌదీ నుంచి వచ్చాయి. దుబాయి కాగితాలు కంపెనీలే చూసుకున్నాయి, పెద్దగా ఇబ్బంది కలగలేదు. ఒకప్పుడు పెట్టెను తూకం వేసి కిరాయి కట్టించుకునేవారు. 2019 జనవరిలో ఎయిర్ ఇండియా ఆ పద్ధతి తీసేసి, యూఏఈ నుంచి పెద్దవారికి 1,500 దిర్హామ్‌లని ఒకే ధర పెట్టింది. అంతకుముందు తూకం రసీదు మీద కొడుకు బరువు చదువుకున్న ఒక తండ్రిని నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఇక రియాద్ సంగతి. ఆ తమ్ముడి పేరు రాయడం లేదు, ఆయన ఇల్లాలు ఈ సభలోనే ఉన్నారు. రాత్రి తిని పడుకున్న మనిషి తెల్లవారి లేవలేదు. కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, పని మానేసి బయట చేసుకుంటున్నాడు కాబట్టి పేరు మీద హురూబ్, అంటే పారిపోయాడన్న ఫిర్యాదు, ఉంది, మన మాటల్లో కల్లివెల్లి. కఫీల్ ఫోను ఎత్తడు, ఎత్తితే నా మనిషి కాదంటాడు. అక్కడ ఆసుపత్రి నివేదిక, పోలీసు లేఖ, పాస్‌పోర్టు రద్దు, ఎంబసీ నిరభ్యంతర పత్రం, ఎగ్జిట్ ముద్ర, శవం పాడవకుండా మందు పెట్టినట్టు ఎంబామింగ్ పత్రం ఒకదాని వెనుక ఒకటి కావాలి. వీటిని కదిలించేది ఇంటి నుంచి వెళ్లే నోటరీ సమ్మతి పత్రం. ఇల్లాలు ఆ రోజే సంతకం చేశారు. కానీ పాస్‌పోర్టు పెళ్లికి ముందు తీసింది, అందులో భార్య పేరు గడి ఖాళీ. ఆమె ఆధార్‌లో పుట్టింటి పేరు.

ఆమె ఆయన భార్యేనని చూపే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం ఒక కార్యాలయం చుట్టూ పదకొండు రోజులు తిరిగాం. సర్వర్ పనిచేయడం లేదన్నారు, సారు మీటింగుకు వెళ్లారన్నారు, చివరికి పంచాయతీ నుంచి మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు. మనిషి రియాద్‌లో చనిపోతే మన పంచాయతీ ఎలా రాసిస్తుంది? పన్నెండో రోజు మన ఉపాధ్యక్షులు, రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు, ఆ గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సాయంత్రానికి కాగితం వచ్చింది. కుర్చీ ఇచ్చిన టీ కొట్టు ఆయనకూ సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఈలోగా అక్కడే పూడ్చిపెట్టమనండి అని కొందరు పెద్దలు సలహా ఇచ్చారు. సౌదీలో దహనానికి వీలు లేదు, ముస్లిమేతరులకు వేరే శ్మశానంలో ఖననమే. నిరుడు ఒక కుటుంబం దిక్కుతోచక అందుకు ఒప్పుకుని, ఇక్కడ గడ్డి బొమ్మకు దహనం చేసింది. ఆ ఇంటిని ఎత్తిపొడిచిన నోళ్లు ఈ సభలోనూ ఉన్నాయి. ఆ నోళ్లలో ఒక్కటి కూడా ఏ కార్యాలయం మెట్లూ ఎక్కలేదు.

పెట్టె కిరాయి ఎంబసీ వారు భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి భరించారు. పగలంతా డ్యూటీ చేసి, సాయంత్రాలు పోలీసు స్టేషనుకూ మార్చురీకీ తిరిగిన రియాద్ తెలుగు సోదరులకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. విమానాశ్రయ ఆరోగ్య అధికారుల అనుమతి ఈ-కేర్ పోర్టల్‌లో వచ్చింది. 2023 ఆగస్టులో అది మొదలైనప్పటి నుంచి ఆ ఒక్క పనీ తేలికైంది, ఒప్పుకోవాలి.

మనం పట్టుబట్టి సాధించింది ఇంకొకటి ఉంది. పెట్టె ఒంటరిగా రాకూడదని గది స్నేహితుడికి సెలవు అడిగించి, మన చందాలతో రానుపోను టికెట్టు తీశాం. ఖర్చు దండగ అన్న సభ్యులు ఈ మాట వినాలి. యాభై ఎనిమిది రోజుల తరువాత వచ్చిన పెట్టెను తెరవవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. తల్లి వినలేదు, ఇది ఎవరి బిడ్డో నాకేం తెలుసు అని పెట్టె మీద పడిపోయింది. అప్పుడా అబ్బాయి పక్కన కూర్చుని, "అమ్మా, మార్చురీలో నేను చూశాను, మెడలో నువ్వు కట్టిన తాయెత్తు ఉంది, మనవాడే" అన్నాడు. ఆమె లేచింది.

ఆ రాత్రి శంషాబాద్‌కు పదిహేను మంది వస్తామన్నారు. ప్రభుత్వ ఉచిత అంబులెన్స్ డ్రైవరును కలుపుకుంటే వచ్చింది ముగ్గురం. ఊళ్లో ఫ్లెక్సీ మీద మాత్రం పద్దెనిమిది ఫోటోలు ఉన్నాయి. లెక్కపెట్టాను.

పోయినవారికి వచ్చే డబ్బు గురించి రెండు మాటలు. ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షలు ప్రమాద మరణానికే, నిద్రలో పోతే రాదు. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. గడువు తీరితే ఎవరూ గుర్తు చేయరు, మీరే కట్టుకోవాలి. గల్ఫ్ మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలకు 2023 డిసెంబర్ 7న, ఆ తరువాత జరిగిన మరణాలు అర్హం. దరఖాస్తు కలెక్టరుకు పెట్టాలి. రియాద్ తమ్ముడి దరఖాస్తు పెట్టాం, ఎదురుచూస్తున్నాం.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. రెండు టీ రసీదులు దొరకలేదు, ఆ మొత్తం నేనే కట్టాను, ఇక దాని మీద చర్చ వద్దు. హాలు ఇచ్చిన కులసంఘం పెద్దలకు, మైకు పెట్టిన తమ్ముడికి, అర్ధరాత్రి కాగితాలు ప్రింటు తీసిచ్చిన మీసేవ అమ్మాయికి ధన్యవాదాలు.

శంషాబాద్ రాత్రి డ్యూటీ జాబితా తలుపు దగ్గర బల్ల మీద ఉంది. భోజనానికి వెళ్లే ముందు పేరు, ఫోను నంబరు రాసి సంతకం చేయండి. పెన్ను కట్టేసి ఉంచాం.

కార్యదర్శి